సమీక్షలు రాసిన అభిమాని, నవ్వులు పంచిన దర్శకుడు

‘గుండమ్మ కథ’, ‘నర్తనశాల’ తీసిన కమలాకర కామేశ్వరరావు జీవితం

ఆత్మకూర్ (ఎస్): సినిమా విడుదలైన మర్నాడు ఏ ఊరి హోటలు దగ్గర చూసినా ఒకటే పంచాయితీ. బాగా లేదని పేపర్లో రాశారని ఒకరు, రాసినవాడికి ఏం తెలుసునని ఇంకొకరు. ఆత్మకూర్ (ఎస్) మండలంలోని ఊళ్లు ఇందుకు మినహాయింపేమీ కాదు. అభిమాన హీరో సినిమాను తక్కువ చేసి రాశారని ఆ రోజు పేపరే ముట్టుకోని కుర్రకారు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. ఇప్పుడైతే ఆట సగంలో ఉండగానే సెల్‌ఫోనులో తీర్పు వచ్చేస్తున్నది. అభిమానికీ విమర్శకుడికీ ఎప్పుడూ చుక్కెదురేనని చాలామంది అభిప్రాయం.

అయితే తెలుగులో తొలితరం సినిమా విమర్శకుల్లో ఒకరు తనకు పెట్టుకున్న కలం పేరు ‘సినీ ఫాన్’. అంటే సినిమా అభిమాని. ఆ పేరుతో సమీక్షలు రాసిన మనిషే తర్వాత దర్శకుడై, ఇంట్లో ముసలీ ముతకా, పిల్లా జెల్లా కలిసి కూర్చుని నవ్వుకునే ‘గుండమ్మ కథ’ తీశారు. విరాటపర్వాన్ని ‘నర్తనశాల’గా తెర మీద నిలబెట్టారు. ఆయనే కమలాకర కామేశ్వరరావు. మంచి సమీక్ష రాస్తే సరిపోదు, తీసి చూపించమని విమర్శకుణ్ణి సవాలు చేసే అభిమానులకు ఆయన జీవితమే సమాధానం. ఆ సమాధానం మాత్రం అంత సులువుగా రాలేదు.

బందరు కుర్రవాడు

కామేశ్వరరావు 1911 అక్టోబరు 4న కృష్ణా జిల్లా మచిలీపట్నంలో పుట్టారు. మనవాళ్లు పిలిచే బందరు అదే. ఆ రోజుల్లో బందరు అంటే నాటకాలకూ, చదువులకూ, పత్రికలకూ పెట్టింది పేరు. ఆయన పెరిగే నాటికి సినిమాకు ఇంకా మాట రాలేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన ఒకరు నిలబడి కథ చెప్పేవారు. తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. దాన్ని తీసినవారు హెచ్.ఎం.రెడ్డి. అప్పటికి కామేశ్వరరావు వయసు ఇరవై ఏళ్లు. సినిమాకు మాటలు వచ్చిన వేళకే ఆయనకూ మాట్లాడే వయసు వచ్చిందన్నమాట.

బందరులోనే ‘కృష్ణా పత్రిక’ వెలువడేది. 1902లో మొదలైన ఆ పత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసే దాకా సంపాదకులుగా ఉన్నారు. స్వాతంత్ర్యోద్యమానికి, సాహిత్యానికి అది పెద్ద దిక్కు. పెద్ద పెద్ద వ్యాసాలు వచ్చే చోట సినిమా గురించి రాయడమంటే చిన్నతనంగా భావించే కాలమది. సినిమా చూసి వచ్చిన పిల్లలను ఇంట్లో తిట్టే రోజులు. అటువంటి పత్రికలో సినిమా సమీక్షకు చోటు దొరకడం, అదీ ఒక కుర్రవాడి రాతకు దొరకడం గొప్ప విషయమే.

అప్పట్లో సినిమా గురించి పత్రికల్లో వచ్చేది చాలావరకు కంపెనీవారు ఇచ్చుకునే ప్రకటన. ఎన్ని వేలు ఖర్చయింది, ఎన్ని పాటలున్నాయి, ఏ నాటక సమాజం వారు వేశారు అన్న సంగతులు తప్ప, సినిమా ఎలా తీశారన్నది పట్టించుకున్నవారు తక్కువ. చాలా సినిమాలు నాటకాన్ని ఎదురుగా పెట్టి కెమెరా తిప్పినట్టే ఉండేవి. నటుడు పద్యం అందుకుంటే రాగం అయ్యేదాకా కథ ఆగాల్సిందే. నాటకానికి ఇది చెల్లుతుంది, సినిమాకు చెల్లదు అని ఎవరో ఒకరు చెప్పాలి. అది చెప్పినవారిలో ‘సినీ ఫాన్’ ముందు వరుసలో ఉన్నారు.

ఆ కాలంలో జరిగిన ఒక పోటీ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. 1936లో ద్రౌపది కథ మీద ఒకే ఏడాది రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’, ఇంకొకటి ‘ద్రౌపదీ మానసంరక్షణం’. మొదటి దానిలో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. రెండో దానిలో మహానటుడు బళ్లారి రాఘవ దుర్యోధనుడు, సురభి కమలాబాయి ద్రౌపది. ఒకే కథ, రెండు కంపెనీలు. రాఘవ అంతటి నటుడున్నా జనం మొదటి దాని వైపే మొగ్గారు. పేరున్న నటుడు ఉంటే చాలదు, జనానికి నచ్చేలా తీయాలి అని ఆ పోటీ తేల్చింది. అప్పటికి కామేశ్వరరావు చూసేవారి వైపు ఉన్న మనిషి. నలభై ఏళ్ల తర్వాత అటువంటి పోటీయే ఆయన సినిమాకు వచ్చిపడింది. ఆ సంగతి తర్వాత.

మద్రాసు దారి

సమీక్షలతో కామేశ్వరరావు పేరు సినిమావారికి తెలిసింది. హెచ్.ఎం.రెడ్డి 1938లో ‘గృహలక్ష్మి’ తీసినప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా చేరారు. తర్వాత బి.ఎన్.రెడ్డి నడిపిన వాహిని సంస్థ ఆయనకు బడి అయింది. అక్కడే కె.వి.రెడ్డి పరిచయం. ఇద్దరిలో ఎవరికి ముందుగా దర్శకత్వం దక్కితే రెండోవారు వారి దగ్గర సహాయకుడిగా ఉండాలని వారిద్దరూ మాట అనుకున్నారని చెబుతారు. అవకాశం ముందు కె.వి.రెడ్డికి వచ్చింది. ‘భక్త పోతన’తో ఆయన దర్శకుడయ్యారు. కామేశ్వరరావు మాట తప్పలేదు. ‘గుణసుందరి కథ’, ‘పాతాళభైరవి’ వంటి సినిమాలకు కె.వి.రెడ్డితో కలిసి స్క్రీన్‌ప్లే పని చూశారు.

స్క్రీన్‌ప్లే అంటే కథను తెర మీదికి వచ్చే వరసలో దృశ్యాలుగా విడగొట్టి రాసుకోవడం. రైతు దుక్కి దున్నే ముందు ఏ చెలకలో ఏ పంట అని లెక్క వేసుకోవడం లాంటిది. ‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, సాహసం చేసే కుర్రవాడి కథ. ఆ సినిమా ఆడిన ఊళ్లలో పిల్లలు చాలా రోజులు కర్రలు పట్టుకుని తోటరాముళ్లయ్యారు. దాని విజయంలో కామేశ్వరరావు పాలు ఎంత ఉన్నా, పేరు దర్శకుడిదే. సినిమా పరిశ్రమలో ఇది మామూలే. పదిహేనేళ్ల పైచిలుకు ఆయన వెనక వరుసలోనే పనిచేశారు. పత్రికలో నలుగురికి మార్కులు వేసిన మనిషి ఇంతకాలం ఓపిక పట్టడం చిన్న విషయం కాదు.

మొదటి దెబ్బ

చివరకు విజయా సంస్థ ఆయన చేతికి సినిమా ఇచ్చింది. అదే ‘చంద్రహారం’. 1954 జనవరిలో విడుదలైంది. ఎన్.టి.రామారావు, శ్రీరంజని, సావిత్రి, ఎస్.వి.రంగారావు నటించారు. తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. ఖర్చుకు వెనకాడలేదు. ప్రాణం ఒక హారంలో ఉన్న రాకుమారుడి కథ అది. పేదరాశి పెద్దమ్మ కథలు విన్నవారికి అటువంటి కథ తెలియనిది కాదు.

సినిమా ఆడలేదు. కారణాలు ఎవరికి తోచినవి వారు చెప్పారు. తోటరాముడిగా కొండలు గుట్టలు ఎక్కి, మాంత్రికుణ్ణి మట్టికరిపించిన రామారావును చూసిన జనం అది. హారం ఇంకొకరి చేతిలో పడితే రాకుమారుడు స్పృహ లేకుండా పడి ఉండాల్సిందే. హీరో లేచి కొట్టాలని కూర్చున్న అభిమానికి హీరో పడుకుని ఉంటే ఎంతసేపని ఓపిక? బొమ్మ అందంగా ఉంది, సెట్టింగులు గొప్పగా ఉన్నాయి అని ఎన్ని చెప్పినా నేల టికెట్టు వాడికి అవి పట్టలేదు.

ఇతరుల సినిమాలో తప్పు ఎక్కడుందో చెప్పగలిగిన మనిషికి తన సినిమాలో తప్పు ముందుగా కనిపించలేదు. ఇది చూసి నవ్వినవారు ఉండకపోరు. విజయా వంటి పెద్ద సంస్థలో మొదటి సినిమాయే దెబ్బతింటే, రెండో అవకాశం రావడం కష్టం. ఆ సంస్థలో ఆయన మళ్లీ దర్శకుడి కుర్చీలో కూర్చోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ లోపు బయటి సంస్థలకు పనిచేశారు. 1956లో ‘పెంకి పెళ్లాం’ తీశారు. 1957లో ‘పాండురంగ మహాత్మ్యం’ వచ్చింది. రామారావు సొంత సంస్థ సినిమా అది. దారి తప్పిన కొడుకు తల్లిదండ్రుల సేవలో దేవుణ్ణి చూసే కథ. అది బాగా ఆడింది. తర్వాత 1958లో ‘శోభ’, 1959లో ‘రేచుక్క పగటిచుక్క’. 1960లో అక్కినేని నాగేశ్వరరావుతో ‘మహాకవి కాళిదాసు’. తెలివిలేని గొల్లవాడు మహాకవి అయ్యే కథలో మొదట నవ్వించి, తర్వాత చేతులు జోడించేలా చేయాలి. రెండూ కుదిరాయి. ఆ ఏడాదికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది.

కథ ఏముందన్నారు

ఇక ‘గుండమ్మ కథ’. కన్నడంలో బి.విఠలాచార్య 1958లో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి మూలం. హక్కులు విజయా సంస్థ తీసుకుంది. దర్శకత్వానికి మొదట అనుకున్నది సి.పుల్లయ్యను. చివరకు అది కామేశ్వరరావు దగ్గరికి వచ్చింది. కథను చక్రపాణి తన పద్ధతిలో మార్చారు. మాటలు డి.వి.నరసరాజు, పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే. గుండమ్మ అన్న పేరు కన్నడ సినిమా నుంచి వచ్చిందే. తెలుగు పల్లెల్లో ఆ పేరు ఎక్కడా వినపడదు. అయినా సూర్యకాంతాన్ని చూశాక అది మన పేరే అనిపించింది.

కథ చెప్పాలంటే నాలుగు మాటల్లో అయిపోతుంది. భర్త పోయిన గుండమ్మకు సవతి కూతురు లక్ష్మి, సొంత కూతురు సరోజ. లక్ష్మితో వెట్టిచాకిరీ, సరోజకు ముద్దు మురిపెం. జమీందారు వెంకటరామయ్య కొడుకులిద్దరిలో పెద్దవాడు అంజి పేరుతో గుండమ్మ ఇంట్లో జీతగాడుగా చేరి లక్ష్మిని పెళ్లాడతాడు. చిన్నవాడు రాజా సరోజను చేసుకుని, పేదవాడినని చెప్పి తోటలో పనికి పెట్టి ఆమె పొగరు దించుతాడు. అంజి రామారావు, రాజా నాగేశ్వరరావు, లక్ష్మి సావిత్రి, సరోజ జమున. తండ్రి రంగారావు.

కత్తియుద్ధం లేదు. చావు లేదు. గుండెలు బాదుకునే ఏడుపు లేదు. విడుదలకు ముందు చూసిన పరిశ్రమ పెద్దల్లో కొందరికి ఇందులో కథ ఏముందన్న అనుమానం వచ్చింది. సినిమా తెలిసినవారు, హిట్లు తీసినవారు అనుమానపడితే మామూలు మనిషికి గుండె జారుతుంది. అందులోనూ అదే సంస్థలో ‘చంద్రహారం’ తీసి దెబ్బతిన్న మనిషికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1962 జూన్ 7న సినిమా విడుదలైంది. జనం ఎగబడ్డారు. రామారావుకు ఇది నూరవ సినిమా, నాగేశ్వరరావుకు తొంభైతొమ్మిదవది. కథ ఏముందని అడగడానికి జనానికి తీరిక లేదు, నవ్వుకోవడానికే సరిపోయింది. జమీందారు కొడుకు పంచె ఎగగట్టి రుబ్బురోలు ముందు కూర్చోవడం, ఇంట్లో అందరినీ అదిలించే గుండమ్మ ఈ జీతగాడి మాటకు తలూపడం, ఇవన్నీ రోజూ దొడ్డిలో చూసే పనులే. అందుకే నవ్వు వచ్చింది. ఎవరినో కించపరిచి పుట్టించిన నవ్వు కాదది.

గుండమ్మ పాత్రను చూడండి. గయ్యాళి అంటారు గానీ సినిమాలో ఆమె పెద్దగా తిట్టేదేమీ లేదు. సూర్యకాంతం తెర మీదికి వస్తేనే గయ్యాళి అని జనం అనుకుంటారు గనక వేరే మాటలు అక్కర్లేదని చక్రపాణి లెక్క. ఆ లెక్క తప్పలేదు. ఇంకో సంగతి. గుండమ్మకు బుద్ధి చెప్పడానికి ఇంట్లోకి వచ్చేది ఆమెను మించిన దుర్గమ్మ. ఛాయాదేవి ఆ పాత్ర వేశారు. దుర్గమ్మ చేతిలో గుండమ్మ నలిగిపోతుంటే, అంతదాకా ఆమెకు ఇలాగే కావాలి అనుకున్న ఆడవాళ్లే అయ్యో పాపం అన్నారు. నవ్విస్తూ నవ్విస్తూ జాలి పుట్టించడమంటే ఇదే.

ఈ హాస్యంలో దర్శకుడి వాటా ఎంత అన్న ప్రశ్న ఉంది. చక్రపాణి బుర్ర, నరసరాజు కలం లేకపోతే ‘గుండమ్మ కథ’ లేదని సినిమావారు అంటారు. అది నిజమే. కానీ రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున, సూర్యకాంతం, రమణారెడ్డి వంటివారంతా ఒకే సినిమాలో ఉంటే ఎవరి పాటికి వారు ముందుకు తోసుకుని వచ్చే ప్రమాదం ఉంటుంది. వడ్డించే మనిషి తెలివైనవాడు కాకపోతే ఎన్ని కూరలు వండినా విస్తరి గందరగోళమే. ఎవరూ ఎక్కువ కాలేదు, ఎవరూ తగ్గలేదు. ఆ పని చేసింది దర్శకుడు. ఒక్కచోట కూడా ఇక్కడ నవ్వండి అని జనాన్ని పొడవలేదు.

అభిమానుల సంగతి తెలిసే ఇంకొక ఉపాయం చేశారు. ఇద్దరు పెద్ద హీరోలున్న సినిమాలో టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు వేసినా రెండోవారి అభిమానులు ఊరుకోరు. అందుకని ముఖ్య నటీనటుల పేర్లు వేయకుండా వారి ఫొటోలు చూపించారు. ముఖం తెలియనివారు ఎవరున్నారు గనక! తగువుకు తావు లేకుండా పోయింది. ఇప్పటి పోస్టర్ల మీద పేరు ఏ సైజులో ఉందని కొలుచుకునే రోజుల్లో ఆ ఉపాయం గుర్తు చేసుకోదగ్గదే.

ఊళ్లకు వచ్చేసరికి

ఈ సందర్భంలో పల్లె ప్రేక్షకుడి గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. అప్పట్లో సినిమా ఒక్కరోజున అన్ని ఊళ్లలో విడుదలయ్యేది కాదు. ప్రింట్లు తక్కువ. ముందు పెద్ద పట్టణాల్లో నూరు రోజులు ఆడాలి, తర్వాత చిన్న పట్టణాలకు రావాలి. ఆ తర్వాత గీతలు పడి, అతుకులు వేసిన రీళ్ల డబ్బాలు బస్సుల మీద ఎక్కి డేరా టాకీసులకు చేరాలి. అప్పుడు నల్లగొండ జిల్లాలో భాగమైన ఈ పల్లెలకు పేపరు కూడా ఆలస్యంగానే వచ్చేది. పట్నం విమర్శకుడు రాసిన సమీక్ష చిత్తు కాగితమై బెల్లం పొట్లం కట్టిన తర్వాత సినిమా వచ్చేది. కచ్చురాలు కట్టుకుని, సద్ది మూటలతో వెళ్లి చూసిన మనిషికి ఆ సమీక్షతో పనేముంది? నచ్చితే రెండో ఆటకూ అక్కడే కూర్చునేవారు. నచ్చకపోతే దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చేవారు. వారి సమీక్ష అదే.

పౌరాణిక సినిమాల విషయంలో ఈ ప్రేక్షకుడు ఇంకా గట్టివాడు. చిందు భాగవతం, యక్షగానం రాత్రంతా చూసి పెరిగినవాడు. భారతం అక్షరం రాకపోయినా కథ తెలుసు. ఎక్కడ తప్పు చేసినా పట్టుకుంటాడు. వాన మొగం చాటేస్తే విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నది. అటువంటి కథను సినిమాగా తీయాలంటే జంకు ఉండాల్సిందే.

నర్తనశాల

1962లోనే కామేశ్వరరావు ‘మహామంత్రి తిమ్మరుసు’ కూడా తీశారు. మర్నాటి ఏడాది, 1963 అక్టోబరు 11న ‘నర్తనశాల’ వచ్చింది. లక్ష్మీరాజ్యం, శ్రీధరరావు దంపతుల రాజ్యం పిక్చర్స్ నిర్మించింది. సముద్రాల రాఘవాచార్య రచన, సుసర్ల దక్షిణామూర్తి సంగీతం. అర్జునుడు రామారావు, ద్రౌపది సావిత్రి, కీచకుడు రంగారావు. ఇందులో శ్రీకృష్ణుడు ఎవరో ఈ జిల్లావారికి వేరే చెప్పనక్కర్లేదు. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన కాంతారావు. 1966లో కామేశ్వరరావు తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో నారదుడు కూడా ఆయనే.

‘నర్తనశాల’లో పెద్ద చిక్కు బృహన్నల. అభిమానులు గద పట్టిన, విల్లు పట్టిన రామారావును చూడాలనుకుంటారు. ఆయన గాజులు తొడుక్కుని, జడ వేసుకుని, రాకుమారికి నాట్యం నేర్పుతుంటే ఒప్పుకుంటారా? ‘చంద్రహారం’లో హీరో ఊరికే పడుకుని ఉంటేనే ఒప్పుకోలేదు. ఆ అనుభవం ఉన్న దర్శకుడు ఇక్కడ అడుగు జాగ్రత్తగా వేశారు. ఆడవేషం మీద నవ్వించే పని ఎక్కడా పెట్టుకోలేదు. బృహన్నల నడకలో, చూపులో హుందాతనం తగ్గకుండా చూశారు. ఎగతాళి చేయాలంటే ఎంతో సులువైన చోట చేయకపోవడం ఆయన గొప్పతనం.

మరి నవ్వు ఎక్కడ పెట్టారు? ఉత్తరకుమారుడి దగ్గర. ఆ పాత్రకు రేలంగిని తీసుకున్నారు. అంతఃపురంలో ఆడవారి ముందు కౌరవ సేనను చితకబాదుతానని కోతలు కోసి, తీరా సైన్యం కనిపించగానే రథం దిగి పరుగు తీసే రాకుమారుడు. ఉత్తరకుమార ప్రగల్భాలు అన్న మాట ఊళ్లలో రోజూ వాడేదే. మాటల మనిషిని చూస్తే అనేస్తాం. ఆ సామెత రేలంగి రూపంలో తెర మీద పరుగెత్తింది. ఆడవేషంలో ఉన్నవాడు మహావీరుడు, మీసం మెలేసినవాడు పిరికివాడు. భారతంలో ఉన్న హాస్యమే ఇది, దర్శకుడు దాన్ని చెడగొట్టకుండా జనానికి అందించారు. రంగారావు కీచకుడు సరేసరి. అంతటి క్రూరుణ్ణి అంత అందంగా చూపించడం ఇంకొకరికి సాధ్యం కాలేదు.

ఈసారి విమర్శకుడూ ప్రేక్షకుడూ ఒక్క మాట మీద నిలబడ్డారు. జాతీయ పురస్కారాల్లో దేశంలో రెండవ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. 1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో రంగారావుకు ఉత్తమ నటుడి బహుమతి, టి.వి.ఎస్.శర్మకు కళా దర్శకత్వానికి బహుమతి వచ్చాయి. పౌరాణిక బ్రహ్మ అన్న పేరు కామేశ్వరరావుకు స్థిరపడింది. 1965లో ‘పాండవ వనవాసం’, 1966లో ‘శకుంతల’, 1967లో ‘శ్రీకృష్ణావతారం’, 1968లో ‘వీరాంజనేయ’, 1972లో ‘బాల భారతం’. పౌరాణికం అంటే కామేశ్వరరావు అన్నంత దాకా పోయింది. దీనివల్ల ఒక నష్టం కూడా జరిగింది. ‘గుండమ్మ కథ’ తీసిన చేయి అటువంటి ఇంటి కథలు ఇంకా నాలుగు తీసి ఉండవలసింది. తీసినవి లేకపోలేదు గానీ ఆ స్థాయి అందుకోలేదు.

సంక్రాంతి పోటీ

1977 జనవరి 14. ఆ సంక్రాంతికి మహాభారతం మీద రెండు సినిమాలు ఒకే రోజు విడుదలయ్యాయి. ఒకటి రామారావు స్వయంగా దర్శకత్వం వహించి, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ తానే వేసిన ‘దానవీరశూరకర్ణ’. రెండోది కామేశ్వరరావు దర్శకత్వంలో ‘కురుక్షేత్రం’. అందులో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు శ్రీకృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు, సత్యనారాయణ దుర్యోధనుడు.

ఒకవైపు ఒక్క హీరో అభిమానులు, ఇంకోవైపు ముగ్గురు హీరోల అభిమానులు. గోడల మీద పోస్టర్లు చించుకున్నారు, పందేలు కాసుకున్నారు. రామారావుకు ఎన్నో పౌరాణికాలు తీసి పెట్టిన దర్శకుడు ఇప్పుడు ఎదుటి శిబిరంలో ఉన్నట్టయింది. కర్మ ఎలా ఉంటుందో చూడండి. 1936లో రెండు ద్రౌపది సినిమాల పోటీని చూసేవారి మధ్య ఉండి చూసిన మనిషి, 65వ ఏట అదే భారత కథ మీద పోటీలో తానే నిలబడవలసి వచ్చింది.

జనం ‘దానవీరశూరకర్ణ’కే పట్టం కట్టారు. దాదాపు నాలుగు గంటల సినిమా అయినా విసుగు పడలేదు. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు రికార్డులై పెళ్లి పందిళ్లలో, జాతరల్లో మైకుల నుంచి మారుమోగాయి. సినిమా చూడనివారికి కూడా దుర్యోధనుడి మాటలు నోటికి వచ్చాయి. ‘కురుక్షేత్రం’లో యుద్ధ ఘట్టాలు పెద్ద ఎత్తున తీశారన్న పేరు వచ్చినా, పోటీలో వెనకబడింది. అయితే లెక్క అక్కడితో తేలిపోలేదు. 1979లో రామారావు తన దర్శకత్వంలో ఐదు పాత్రలు వేసి ‘శ్రీమద్విరాటపర్వం’ తీశారు. ‘నర్తనశాల’ కథే అది. దానికి పదహారేళ్ల కిందటి సినిమాకు దక్కిన ఆదరణ దక్కలేదు. ఆయన వీరాభిమానులు కూడా బృహన్నల అంటే ‘నర్తనశాల’నే తలచుకున్నారు. కామేశ్వరరావు అదే ఏడాది ‘శ్రీ వినాయక విజయం’ తీశారు. 1980లలోనూ భక్తి సినిమాలు తీస్తూనే ఉన్నారు గానీ అప్పటికి పౌరాణికాల రోజులు వెనకబడ్డాయి.

కామేశ్వరరావు 1998 జూన్ 29న కన్నుమూశారు. అప్పటికి 86 ఏళ్లు. ఆయన సినిమాల్లో వెలిగినవారు చాలామంది ముందే వెళ్లిపోయారు. రంగారావు 1974లో, రేలంగి 1975లో, సావిత్రి 1981లో, సూర్యకాంతం 1994లో, రామారావు 1996లో పోయారు. గుడిబండ కాంతారావు 2009లో, నాగేశ్వరరావు 2014లో కన్నుమూశారు. ‘గుండమ్మ కథ’ ప్రధాన పాత్రధారుల్లో చివరివారైన జమున 2023 జనవరిలో హైదరాబాదులో మరణించారు. టీవీలో ఆ సినిమా వేసినప్పుడు, రుబ్బురోలు ఎప్పుడూ చూడని పిల్లలు కూడా రామారావు పిండి రుబ్బుతుంటే నవ్వుతున్నారు.